ముఖం ఎంత సాగినా మనిషి మిగలాలి: ఫొటో వంపుల లోగుట్టు

మొబైల్‌లో ఎడిటింగ్ యాప్ తెరిచి, ఫొటోలోని ముఖం మీద వేలు పెట్టి పక్కకు లాగితే బుగ్గ సాగుతుంది, ముక్కు ఉబ్బుతుంది, నోరు చెవుల దాకా పాకుతుంది. ఇంత తేలికైన పని కాబట్టి దాదాపు అందరూ ఎప్పుడో ఒకప్పుడు చేసి చూసే ఉంటారు. అయితే అలా చేసినవాటిలో నిజంగా నవ్వు తెప్పించేవి కొన్నే. మిగిలినవాటిలో ముఖం ముద్దయిపోయి ఎవరిదో కూడా తెలియకుండా పోతుంది, లేదా వెనకనున్న తలుపు అంచు వంకరపోయి చేసిన పనంతా బయటపెడుతుంది. ఈ తేడా చేతివాటంలో కన్నా, వేలు కదిపినప్పుడు యాప్ లోపల ఏం జరుగుతోందో తెలియడంలోనే ఎక్కువగా ఉంది. చూసేవారు మనిషిని గుర్తుపట్టగలిగినంత కాలమే వికృతి నవ్విస్తుందనీ, ఏ పరికరాన్ని ఎంతవరకు వాడాలో చెప్పేది ఈ ఒక్క కొలతేననీ నా అభిప్రాయం.

ముందుగా ఫొటో అంటే ఏమిటో చూద్దాం. 12 మెగాపిక్సెళ్ల ఫొటోలో సాధారణంగా 4000 నిలువు వరసలు, 3000 అడ్డ వరసలు ఉంటాయి. అవి కలిసే ఒక్కో చోట ఒక్కో రంగు చుక్క ఉంటుంది. వెలుతురు పెంచినా, రంగు ముదురు చేసినా ఆ చుక్క ఉన్నచోటే ఉండి దాని విలువ మాత్రమే మారుతుంది. వంపు తెచ్చే పరికరాలు చేసే పని దీనికి పూర్తిగా భిన్నం. అవి రంగులను ముట్టుకోవు, రంగుల చిరునామాలను మారుస్తాయి. కంటి రంగు కంటి రంగుగానే ఉంటుంది. అది ఏ వరసలో కనిపించాలన్నదే మారుతుంది. ఫొటోను రబ్బరు రేకు మీద ముద్రించి ఆ రేకును లాగినట్టు ఊహించుకుంటే విషయం చాలావరకు అర్థమవుతుంది.

అయితే యాప్ ఆ లాగుడును లెక్కించే దిశ మనం ఊహించేదానికి తలకిందులు. పాత ఫొటోలోని ఒక్కో చుక్కను తీసుకుని కొత్తచోటికి తోస్తే, సాగిన చోట చుక్కలు చాలక ఖాళీలు మిగులుతాయి, నొక్కుకున్న చోట రెండు మూడు చుక్కలు ఒకేచోట పడి కొట్టుకుంటాయి. అందుకని యాప్ కొత్త ఫొటోలోని ప్రతి గడి దగ్గరా ఆగి, ఇక్కడికి రావలసిన రంగు పాత ఫొటోలో ఎక్కడుందని వెనక్కి వెతుకుతుంది. దొరికే జవాబు చాలాసార్లు 1520.4వ నిలువు వరస, 883.7వ అడ్డ వరస అన్నట్టు చుక్కల మధ్యలో పడుతుంది. అప్పుడు చుట్టూ ఉన్న 4 చుక్కల రంగులను, ఏది ఎంత దగ్గరగా ఉంటే దానికి అంత ఎక్కువ వాటా ఇచ్చి కలుపుతుంది. ఇంకా నాణ్యంగా చేయాలనుకుంటే 16 చుక్కలను లెక్కలోకి తీసుకుంటుంది.

ఈ లెక్క తెలిస్తే ఒక ముఖ్యమైన పరిమితి అర్థమవుతుంది. 200 చుక్కల వెడల్పున్న కంటిని 600 చుక్కలకు సాగదీస్తే, నిలువునా అడ్డంగా 3 రెట్లు చొప్పున వైశాల్యం 9 రెట్లవుతుంది. అంటే ఇంతకుముందు ఒక చుక్కలో ఉన్న సమాచారాన్నే ఇప్పుడు 9 చుక్కలు పంచుకోవాలి. పెద్ద కళ్ల బొమ్మల్లో కళ్లు మసకగా, చుట్టూ ఉన్న చర్మం స్పష్టంగా కనిపించడానికి కారణం ఇదే. చూపు మొదట పడేది కంటి మీదే గనుక, ఈ మసక నవ్వును సగానికి తగ్గిస్తుంది. అందుకే ఈ పనికి మంచి వెలుతురులో, కదలిక లేకుండా తీసిన అసలు ఫొటోనే తీసుకోవాలి. మెసేజింగ్ యాప్‌లో చేతులు మారి వచ్చిన ఫొటో దారిలోనే కుదించుకుపోయి ఉంటుంది. దాన్ని సాగదీస్తే బయటపడేది ముఖకవళికలు కాదు, కుదింపు మిగిల్చిన చదరపు మచ్చలు. నొక్కిన చోట ఇబ్బంది మరో రకంగా ఉంటుంది. గళ్ల చొక్కా, జాలీ తలుపు వంటి సన్నని నమూనాలు ఇరుకున పడితే, లేని గీతలు, చారలు పుట్టుకొస్తాయి.

యాప్‌లలో వరసగా కనిపించే ఉబ్బు, నొక్కు, సుడి, అల వంటి ఎఫెక్ట్‌లన్నీ ఈ వెతుకులాటలోని రకాలే. ఉబ్బు సంగతి చూద్దాం. ఒక వృత్తం గీసి, దాని వ్యాసార్ధం 1 అనుకుని, కొత్త ఫొటోలో మధ్యబిందువు నుంచి ఎంత దూరంలో ఉన్నామో ఆ దూరపు వర్గం దగ్గర పాత రంగు కోసం వెతకాలన్న సులువైన సూత్రం పెట్టుకుందాం. సగం దూరంలో ఉన్న గడి తన రంగును పావు దూరం నుంచి తెచ్చుకుంటుంది. అంటే పాత ఫొటోలో పావు వ్యాసార్ధంలో ఇమిడిన ముక్కు ఇప్పుడు సగం వ్యాసార్ధమంతా పరుచుకుంటుంది. అంచు దగ్గర దూరం 1, దాని వర్గమూ 1, కాబట్టి అక్కడ ఏ మార్పూ ఉండదు. వృత్తం లోపలికీ బయటికీ మధ్య అతుకు కనిపించకపోవడానికి కారణం అదే. వర్గానికి బదులు వర్గమూలం తీసుకుంటే పావు దూరంలో ఉన్న గడి సగం దూరం నుంచి రంగు తెచ్చుకుంటుంది, ముఖం మధ్యకు ముడుచుకుపోతుంది. సుడిలో దూరం మారదు, కోణం మారుతుంది. మధ్యలో ఎక్కువగా తిరిగి అంచుకు వచ్చేసరికి తిరుగుడు సున్నా అవుతుంది. అలలో ఒక్కో వరస కాస్త అటూ ఇటూ జరుగుతుంది, అంతే. స్లైడర్ జరిపినప్పుడు మారేది స్థూలంగా ఈ సూత్రపు తీవ్రత.

దీని నుంచి వచ్చే ఆచరణాత్మక విషయం ఏమిటంటే, వృత్తం మధ్యబిందువును ఎక్కడ పెడతామన్నది స్లైడర్ కన్నా ఎక్కువ ముఖ్యం. ఉబ్బును ముక్కు కొన మీద పెడితే ముక్కు పెద్దదై కళ్లు పక్కలకు జరుగుతాయి. కనుబొమ్మల మధ్య పెడితే నుదురు ఉప్పొంగి, గడ్డం చిన్నదై, పెద్దవారి ముఖం పసిముఖంలా మారుతుంది. ఒకే ఎఫెక్ట్, ఒకే తీవ్రత, బొమ్మలు మాత్రం రెండు.

వేలితో లాగే బ్రష్ కథ కొంచెం వేరు. కాయ్స్ పవర్ గూ అన్న సాఫ్ట్‌వేర్ 1996లో ముఖాలను మౌస్‌తో లాగి నలిపే ఆటను మామూలు కంప్యూటర్లలోకి తెచ్చింది. 2000లో వచ్చిన ఫొటోషాప్ 6లో లిక్విఫై పేరుతో అది వృత్తి నిపుణుల పరికరమైంది. నేటి మొబైల్ యాప్‌లలో లిక్విఫై, స్ట్రెచ్, వార్ప్, రీషేప్ అంటూ రకరకాల పేర్లతో కనిపించేది ఆ కుటుంబానికి చెందినదే. చక్కగా రూపొందించిన యాప్‌లో బ్రష్ ఫొటోను నేరుగా మార్చదు. ఒక్కో చోటు ఎంత పక్కకు, ఎంత పైకి జరగాలో రెండేసి అంకెలుగా రాసుకునే పటం ఒకటి ఫొటో కింద ఉంటుంది. వేలు రుద్దిన ప్రతిసారీ ఆ అంకెలు మారుతాయి. బ్రష్ మధ్యలో ప్రభావం ఎక్కువ, అంచుకు సున్నా.

ఈ విద్యలో అన్నిటికన్నా ఉపయోగపడే సూత్రం ఇక్కడే ఉంది: మార్చదలచిన అవయవం కన్నా బ్రష్ పెద్దదిగా ఉండాలి. గడ్డం కన్నా పెద్ద బ్రష్‌తో కిందికి లాగితే గడ్డం మొత్తం ఆకారం చెడకుండా పొడవవుతుంది, చర్మంలో నునుపు మిగులుతుంది. గడ్డం కన్నా చిన్న బ్రష్‌తో లాగితే గడ్డంలో ఒక బొడిపె లేస్తుంది, దాన్ని సరిచేయబోతే పక్కన మరొకటి లేస్తుంది. కొత్తవారి ఫొటోలు ముద్దలుగా కనిపించడానికి ఎక్కువసార్లు కారణం చిన్న బ్రష్‌తో చాలాసార్లు రుద్దడమే. చాలా యాప్‌లలో బ్రష్ కొలత తెర మీద స్థిరంగా ఉంటుంది కనుక, ఫొటోను జూమ్ చేసి దగ్గరకు తెచ్చుకుంటే ముఖంతో పోల్చినప్పుడు బ్రష్ చిన్నదైపోతుంది. దూరం చేస్తే పెద్దదవుతుంది. సన్నగా పని చేయాలని దగ్గరకు తెచ్చుకునే అలవాటు ఇక్కడ ఎదురు తిరుగుతుంది. తీవ్రత తగ్గించి, బ్రష్ పెంచి, ఒకటి రెండు పొడవాటి లాగుళ్లతో ముగించడం మేలు.

అంకెల పటం వల్ల మరో లాభం ఉంది. ఎన్నిసార్లు లాగినా ఫొటో నుంచి రంగులు తీసుకోవడం చివరికి ఒక్కసారే జరుగుతుంది కాబట్టి మసక పేరుకుపోదు. రిస్టోర్ లేదా రీకన్‌స్ట్రక్ట్ అనే బ్రష్ చేసేది ఆ అంకెలను తిరిగి సున్నా వైపు తీసుకుపోవడమే. కానీ సరే అని నొక్కి పరికరం నుంచి బయటికి వచ్చాక, చాలా యాప్‌లలో ఆ వంపు ఫొటోలోనే స్థిరపడిపోతుంది. మళ్లీ లోపలికి వెళ్లి లాగితే అప్పటికే కలిసిపోయిన రంగులు మరోసారి కలుస్తాయి. కాబట్టి లాగవలసినవన్నీ ఒకే విడతలో లాగి, చివర ఒకేసారి సరే అని నొక్కాలి.

యాప్ తనంతట తానే ముఖాన్ని పట్టుకుని మార్చే పద్ధతికి మూలమైన ఆలోచన కంప్యూటర్ల కన్నా చాలా పాతది. స్కాట్లాండ్‌కు చెందిన జీవశాస్త్రవేత్త డార్సీ థాంప్సన్ 1917లో చేపల బొమ్మల మీద చదరపు గళ్లు గీసి, ఆ గళ్లను ఒక పద్ధతి ప్రకారం వంచితే ఒక జాతి చేప మరో జాతి చేపగా మారుతుందని చూపించారు. ముళ్లచేప బొమ్మ మీది గళ్లను వంచి ఆయన సూర్యచేప ఆకారాన్ని రాబట్టారు. నేటి యాప్‌లు అవే గళ్లను త్రిభుజాలుగా వాడుకుంటాయి. ముందు ముఖంలో కంటి మూలలు, ముక్కు కొన, పెదవుల అంచులు, దవడ గీత వంటి గుర్తులను యాప్ పట్టుకుంటుంది. విరివిగా వాడిన ఒక పద్ధతిలో ఇలాంటి గుర్తులు 68. ముఖాలను పట్టుకునే గూగుల్ సాఫ్ట్‌వేర్ మీడియాపైప్‌లోని ముఖజాలంలో 468. ఆ గుర్తులను త్రిభుజాలుగా కలిపి, గుర్తులను జరిపితే త్రిభుజాలతో పాటు వాటిలోని రంగులూ జరుగుతాయి. స్నాప్‌చాట్ యాప్ 2015లో లెన్సులు అనే ఎఫెక్ట్‌ల పేరిట కదిలే ముఖం మీద ఈ పని చేసి చూపించాక ఇది ప్రపంచమంతటికీ పరిచయమైంది.

ఈ స్వయంచాలక పద్ధతి ఎక్కడ తడబడుతుందో కూడా ఇప్పుడు ఊహించవచ్చు. బుగ్గ మీద చెయ్యి ఉంటే ఆ చెయ్యి కూడా బుగ్గలో భాగమై సాగుతుంది. కళ్లద్దాల చట్రం కంటితో పాటు వంగిపోతుంది. ముఖం పక్కకు తిరిగి ఉంటే కనిపించని కంటి గుర్తును యాప్ ఊహించి తప్పుచోట పెడుతుంది. అలాంటి ఫొటోలకు చేతి బ్రష్షే దిక్కు. అందులోనూ కళ్లద్దాలను, వేళ్లను ముందుగా ఫ్రీజ్ పరికరంతో కప్పి ఉంచాలి. ఫ్రీజ్ పూసిన చోట అంకెలు మారవు.

ఇక నవ్వు సంగతి. పరికరాలన్నీ తెలిసినవారు కూడా ఎక్కువగా పొరపడేది ఇక్కడే అనిపిస్తుంది. ముఖాన్ని గుర్తుపట్టడంలో మనిషి మెదడుకు ప్రత్యేకమైన నేర్పు ఉంది. అది కళ్లు, ముక్కు, నోరు విడివిడిగా కాక వాటి మధ్య దూరాలతో కలిపి ముఖాన్ని ఒక్కటిగా చదువుతుంది. బ్రిటన్‌లోని యార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ థాంప్సన్ 1980లో అప్పటి బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ ఫొటోతో చూపించిన భ్రమ దీనికి మంచి ఉదాహరణ. ముఖంలోని కళ్లను, నోటిని మాత్రం కత్తిరించి తలకిందులు చేసి అతికించి, మొత్తం ఫొటోను తలకిందులుగా చూపిస్తే పెద్ద తేడా ఏమీ తెలియదు. ఫొటోను నిటారుగా తిప్పగానే ముఖం భయంకరంగా కనిపిస్తుంది. తలకిందులైన ముఖంలో అలా ఒక్కటిగా చదివే నేర్పు పని చేయకపోవడమే కారణం. మొబైల్‌లో దీన్ని చేయడం సులువు: కళ్లను, నోటిని వేరువేరు ముక్కలుగా తీసి, అంచులు మెత్తబరిచి, 180 డిగ్రీలు తిప్పి అదేచోట పెట్టాలి. ముందు తలకిందులుగా, ఆ తర్వాత నిటారుగా చూపిస్తే చూసేవారి ముఖమే చూడదగినదవుతుంది.

నవ్వించే వికృతికి మరింత దగ్గరి సూత్రం వ్యంగ్యచిత్రాల నుంచి వచ్చింది. అమెరికాలో సూసన్ బ్రెన్నన్ 1980ల తొలి భాగంలో వ్యంగ్యచిత్రాలు గీసే కంప్యూటర్ ప్రోగ్రామ్ రూపొందించారు. సగటు ముఖంతో పోల్చి, ఈ ముఖం ఎక్కడెక్కడ ఎంతెంత తేడాగా ఉందో కొలిచి, ఆ తేడాలను మాత్రమే పెంచడం దాని పద్ధతి. గడ్డం సగటు కన్నా కాస్త పొడవుంటే ఇంకా పొడవవుతుంది, కళ్ల మధ్య దూరం సగటు కన్నా తక్కువైతే ఇంకా తగ్గుతుంది. అలా పెంచిన గీతల బొమ్మలను జనం అసలు ముఖపు గీతల కన్నా త్వరగా గుర్తుపడుతున్నారని 1987లో వచ్చిన ఒక ప్రయోగం తెలిపింది. అంటే వికృతి గుర్తింపును చెరపాలన్న నియమం లేదు, సరైనచోట చేస్తే గుర్తింపును పెంచుతుంది కూడా.

కాబట్టి బ్రష్ ముట్టుకునే ముందు చేయవలసిన మొదటి పని ముఖాన్ని చూడడం. ఈ మనిషిలో సగటుకు దూరంగా ఉన్నది ఏది? వెడల్పాటి నవ్వా, ఎత్తైన నుదురా, పలచని మెడా? దాన్ని పెంచితే ఆ మనిషి మరింత ఆ మనిషే అవుతాడు. మామూలుగా ఉన్న ముక్కును అలవాటు కొద్దీ ఉబ్బిస్తే, ఎవరి ముఖానికి చేసినా అదే బొమ్మ వస్తుంది. ఒక ఫొటోలో ఒక పెద్ద మార్పు, దానికి తోడుగా మహా అయితే ఒక చిన్న మార్పు చాలు. అన్నీ పెంచితే పోల్చుకోవడానికి ఆధారమే మిగలదు. కళ్లు మామూలుగా ఉన్నప్పుడే సాగిన నోరు సాగినట్టు కనిపిస్తుంది. 1933లో పారిస్‌లో ఆంద్రే కెర్టేజ్ వినోదశాలల వంకర అద్దాల ముందు మనుషులను నిలిపి తీసిన ప్రసిద్ధ ఫొటోలు చూస్తే ఇది తెలుస్తుంది. వాటిలో ఒంటిభాగాలు ఎంత సాగినా, సాగకుండా మిగిలిన ఒక భుజమో, ఒక చెయ్యో బొమ్మను నిలబెడుతుంది.

ముఖానికే కాదు, నేపథ్యానికీ ఇదే వర్తిస్తుంది. గోడ, గచ్చు పలకలు, కిటికీ చట్రం, సముద్రపు గీత తిన్నగా ఉంటాయని చూసేవారికి ముందే తెలుసు. అవి వంగితే చూపు ముఖాన్ని వదిలి అక్కడికి పోతుంది. గీతలు లేని నేపథ్యాన్ని ఎంచుకోవడం తేలికైన ఉపాయం. అది కుదరకపోతే మనిషిని నేపథ్యం నుంచి వేరే లేయర్‌గా, అంటే విడి పొరగా తీసి, వెనక ఖాళీని పూరించి, మనిషి లేయర్‌ను మాత్రమే లాగాలి. తల పెంచినప్పుడు గోడ మీది నీడను, అద్దంలోని ప్రతిబింబాన్ని కూడా పెంచాలా వద్దా అన్నది మీ ఉద్దేశం మీద ఆధారపడుతుంది. పెద్ద తలకు చిన్న నీడ మిగిలితే ఒక్కోసారి అదే బొమ్మలో అన్నిటికన్నా నవ్వొచ్చే భాగమవుతుంది.

యాప్ తెరవకముందే కెమెరాతో వంపు తెచ్చుకోవడం నా దృష్టిలో అన్నిటికన్నా మేలైన దారి. ముక్కు కొన కెమెరాకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉండి, చెవులు దానికి 12 సెంటీమీటర్లు వెనక ఉన్నాయనుకుంటే, చెవి దూరం 42. అంటే చెవితో పోల్చినప్పుడు ముక్కు 1.4 రెట్లు పెద్దగా పడుతుంది. అదే 150 సెంటీమీటర్ల నుంచి తీస్తే 162ను 150తో భాగించగా 1.08 రెట్లు మాత్రమే. సెల్ఫీలో ముక్కు పెద్దదిగా కనబడడానికి మూలం లెన్సు కాదు, దూరం. ఇలా వచ్చిన పెద్ద ముక్కులో ప్రతి చుక్కా నిజంగా తీసినదే కాబట్టి మసక ఉండదు. అతి వెడల్పు లెన్సుతో తీసి చెయ్యినో కాలినో ఫ్రేము మూలకు పెడితే అది మరింత సాగుతుంది. కెమెరాతో సగం పని ముగించుకుని, మిగిలిన సగానికి బ్రష్ వాడితే వచ్చే బొమ్మ, మొత్తం బ్రష్‌తో చేసినదాని కన్నా ఎప్పుడూ నమ్మదగినట్టు ఉంటుంది.

స్థలం బదులు కాలాన్ని వంచే పద్ధతులూ ఉన్నాయి. పనోరమా మోడ్‌లో ఫోన్ మెల్లగా తిరుగుతూ సన్నని పట్టీలుగా దృశ్యాన్ని సేకరిస్తుంది. ఆ సమయంలో ఫోన్ తిరిగే దిశలోనే కుక్క నడిస్తే కొన్ని పట్టీలలో దాని శరీరం మళ్లీ మళ్లీ పడి పొడవైన కుక్క తయారవుతుంది, ఎదురు దిశలో నడిస్తే నడుము మాయమై పొట్టిదవుతుంది. 2020లో టిక్‌టాక్‌లో బాగా పాకిన టైమ్ వార్ప్ స్కాన్ ఎఫెక్ట్ కూడా ఇంతే: ఒక గీత తెర మీద జరుగుతూ, తాను దాటిన భాగాన్ని స్థిరపరుస్తుంది, దాటని భాగం ఇంకా కదలగలదు. గీత గడ్డం దగ్గరికి వస్తున్నప్పుడు తలను గీతతో పాటు అదే వేగంతో కదిలిస్తే గడ్డం సాగుతూనే ఉంటుంది.

ఇదే పరికరం నడుమును రవ్వంత నొక్కి, దవడను రవ్వంత తగ్గించి అందం పేరుతో చూపించడానికీ పనికొస్తుంది. పెద్ద వికృతి తాను వికృతినని చెప్పుకుంటుంది, చిన్నది దాచుకుంటుంది. నాకు ఆందోళన కలిగించేది రెండోదే. వ్యాపార ప్రకటనల్లో మోడల్ శరీరాకృతిని సన్నగానో లావుగానో మారిస్తే ఆ సంగతి ఫొటో మీద తెలపాలని ఫ్రాన్స్ 2017 అక్టోబర్ నుంచి నియమం పెట్టింది. నవ్వు కోసం చేసే ఫొటో విషయంలో ఎవరి ముఖమో వారికి ముందు చూపించి, వారు కూడా నవ్వాకే బయటికి పంపడం మంచిది. ఒకరి ముఖంలో ఏది పెంచదగినదో మనకు కనిపించినంత మాత్రాన, అది వారికి ఇష్టమైన విషయం కాకపోవచ్చు.

చివరగా భద్రపరిచే విషయం. వంపు ఇచ్చిన ఫొటోను అసలు దాని మీదే రాయకుండా కాపీగా, యాప్ ఇవ్వగలిగిన అత్యధిక కొలతలో దాచుకోవాలి. జేపెగ్ అనే మామూలు ఫొటో ఫైలుగా దాచిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది, సాగిన చోట్ల ఆ నష్టం ముందుగా కనిపిస్తుంది. మళ్లీ పని చేయాలనుకుంటే వివరం పోగొట్టని పీఎన్‌జీ ఫైలుగా గానీ, యాప్ సొంత ప్రాజెక్టుగా గానీ ఉంచుకోవడం ఉత్తమం. ఇతరులకు పంపేటప్పుడు ఫొటోగా కాక ఫైలుగా పంపితే, దారిలో కుదింపు జరగకుండా మీరు చూసినదే వారూ చూస్తారు.